సింహశిల కింద పాట
— హాంకాంగ్ పాటల రచయిత జేమ్స్ వాంగ్‌ను గురించి —

2002 మార్చిలో హాంకాంగ్ ఆర్థిక కార్యదర్శి ఆంటొనీ ల్యూంగ్ అక్కడి శాసనమండలిలో బడ్జెట్ ప్రవేశపెట్టాడు. అవి గడ్డు రోజులు. ఖజానాలో లోటు. నిరుద్యోగం ఏడు శాతం దాకా పాకింది. యిళ్ల ధరలు కూలి, అప్పుచేసి యిల్లు కొన్న మధ్యతరగతివారు అప్పు మిగిలి ఆస్తి కరిగి కూర్చున్నారు. అటువంటి బడ్జెట్టును వినిపించిన ఆర్థిక కార్యదర్శి ఒక పాటను స్మరించాడు. అది యిరవై మూడేళ్లనాటి టెలివిజన్ నాటకం పాట. పేరు "సింహశిల కింద". మనమంతా ఒకే పడవలో వున్నాం, తగవులు పక్కనపెట్టి కలిసి గట్టెక్కాలి అన్నది దాని సారాంశం. అదే సంవత్సరం ప్రభుత్వోద్యోగుల జీతాలు తగ్గిస్తూ చట్టం చేశారు. ఒకే పడవలో వున్నవారిలో కొందరి కూడు మాత్రమే తగ్గింది.

పన్నెండేళ్లు గడిచాయి. 2014 అక్టోబరు 23న కొండలెక్కడం తెలిసిన కొందరు యువకులు అదే సింహశిల ముఖాన ఇరవై ఎనిమిది మీటర్ల పొడవైన పసుపుపచ్చ పతాకం వేలాడదీశారు. నిజమైన సార్వజనిక ఓటుహక్కు కావాలని దానిమీద రాసివుంది. ఆ రోజుల్లో నగరం నడిబొడ్డున వేలాదిమంది విద్యార్థులు రోడ్లమీద గుడారాలు వేసుకుని కూర్చున్నారు. మర్నాడే ప్రభుత్వం పతాకాన్ని దించివేసింది. కానీ నగరమంతా అప్పటికే చూసింది. సింహశిల స్ఫూర్తి అంటే ఓర్చుకుని పనిచేయడం ఒక్కటే కాదు, అన్యాయాన్ని యెదిరించడం కూడా అందులో భాగమేనని ఆ యువకుల వాదన.

కొండ ఒకటే. ఆ కొండకు "స్ఫూర్తి" అనే అర్థాన్ని అతికించిన పాటా ఒకటే. జీతాల కోతకు ఓదార్పుగా మంత్రి దాన్ని వాడుకున్నాడు. ఓటుహక్కు అడగడానికి విద్యార్థులు అదే కొండను యెక్కారు. మరి ఆ పాట యెవరిది? రాసినవాడిదా, రాయించినవాడిదా, పాడుకున్నవాడిదా?

ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు. సినిమా పాట అనగానే మనలో కొందరు మొహం చిట్లిస్తారు. అది పెట్టుబడిదారుడి సరుకు, జనాన్ని జోకొట్టే మత్తు అని ఒక్కమాటలో తేల్చేస్తారు. మరికొందరు జనం పాడుతున్నారు గనుక అది ప్రజాసాహిత్యమే అంటారు. రెండూ తేలిక దారులే. పాట యే చరిత్రలో పుట్టింది, యెవరి భాష మాట్లాడింది, యెవరి మాట దాచింది అని అడగడమే విమర్శకుడి పని. అందుకు హాంకాంగ్ పాటల రచయిత జేమ్స్ వాంగ్ జీవితం మంచి ఉదాహరణ.

*

ఆయన అసలు పేరు వాంగ్ జుమ్‌సమ్. జనం పిలిచిన పేరు వాంగ్ జిమ్. 1941లో దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌలో పుట్టాడు. మన పాత పుస్తకాల్లో కాంటన్ అన్న నగరం అదే. అక్కడి భాష కాంటనీస్. 1949లో, ఎనిమిదేళ్ల వయసులో, కుటుంబంతోపాటు హాంకాంగ్ చేరాడు. అప్పటికి శతాబ్దంపైగా ఆ దీవి బ్రిటిష్ వలస. యుద్ధం ముగిసిన 1945లో ఆరు లక్షలుగా వున్న జనాభా అయిదేళ్లలో ఇరవై లక్షలు దాటింది. వచ్చినవారంతా అంతర్యుద్ధాన్ని, ఆకలిని తప్పించుకుని వచ్చినవారే. కొండవాలుల్లో చెక్కలతో, రేకులతో గుడిసెలు లేచాయి. 1953 క్రిస్మస్ రాత్రి షెక్ కిప్ మే గుడిసెల్లో నిప్పంటుకుని తెల్లవారేసరికి యాభై వేలకు పైగా జనం నిలువనీడ లేనివారయ్యారు. ఆ తరువాతే ప్రభుత్వం పేదలకు పెద్దయెత్తున యిళ్లు కట్టడం మొదలుపెట్టింది. ఆ బస్తీలకు ఉత్తరాన నిలబడిన కొండే సింహశిల. యెత్తు 495 మీటర్లు. దూరంనుంచి చూస్తే పడుకున్న సింహంలా వుంటుంది.

వాంగ్ పెరిగింది ఆ కొండకు దక్షిణాన వున్న షామ్ షుయి పో అనే పేదల పేటలో. చదివింది మిషనరీలు నడిపే లా సాల్ కళాశాలలో. అక్కడ నోటితో వాయించే హార్మోనికా నేర్చుకున్నాడు. లియుంగ్ యాట్ చియు అనే గురువు శిష్యుడై, ఆయన వెంట పాటల రికార్డింగులకు వెళ్లి వాయించాడు. తరువాత హాంకాంగ్ విశ్వవిద్యాలయంలో చైనీస్ సాహిత్యం చదివి 1963లో పట్టా పుచ్చుకున్నాడు. అంటే ఈయనలో రెండు చదువులు కలిశాయి. ఒకటి ప్రాచీన కవుల చదువు. రెండోది పేటల్లో విన్న మాటల, పాటల చదువు.

ఆ రెండో చదువుకు పెద్ద బడి రేడియో. హాంకాంగ్‌లో ప్రభుత్వ రేడియో 1928లో మొదలైంది. 1949లో రీడిఫ్యూజన్ కంపెనీ తీగలద్వారా ప్రసారాలు యిచ్చింది. నెలనెలా చందా కడితే గోడకు ఒక పెట్టె బిగించేవారు. కట్టలేనివారు టీదుకాణంలో కూర్చుని వినేవారు. 1959లో కమర్షియల్ రేడియో వచ్చింది. ట్రాన్సిస్టర్లు చవకయ్యాక కర్మాగారంలో ప్లాస్టిక్ బొమ్మలు అతికే అమ్మాయి పక్కన కూడా రేడియో మోగింది. కథలు చెప్పేవారు, వార్తలు చదివేవారు, సంగీతనాటకాలు ఆడేవారు కాంటనీస్‌లోనే మాట్లాడారు. రేడియో వ్యాఖ్యాత గొంతు యింటిమనిషి గొంతయింది.

అయితే పాట విషయంలో మాత్రం కాంటనీస్‌కు పీట లేదు. షాంఘైనుంచి తరలివచ్చిన సంగీతకారులు మాండరిన్ పాటలు తెచ్చారు. వాటికి నాగరికత అన్న పేరుండేది. ఇంగ్లీషు చదివిన పిల్లలు గిటార్లు పట్టుకుని ఇంగ్లీషు పాటలు పాడారు. కాంటనీస్ పాట అంటే సంగీతనాటకాల్లోంచి తీసిన పాత బాణీ, లేదా చవకబారు హాస్యం. జనాభాలో అత్యధికులు మాట్లాడే భాష పాటకు పనికిరాదని ఆ భాష మాట్లాడేవారే నమ్మారు. వాడుకభాషను "గ్రామ్యం" అన్నవారితో గిడుగు రామమూర్తిగారు యెంత పోరాడవలసివచ్చిందో తెలిసిన మనకు ఈ మనఃస్థితి కొత్తగా చెప్పనక్కరలేదు. ఒక భాష తక్కువదని తీర్పు చెప్పేది భాషాశాస్త్రం కాదు, అధికారం. హాంకాంగ్‌లో 1974దాకా ఇంగ్లీషు ఒక్కటే అధికారభాష. ప్రజలకు అర్థంకాని భాషలో కోర్టు నోటీసు వచ్చేది. చైనీస్‌నూ అధికారభాష చేయాలని విద్యార్థులు, ఉద్యోగులు ఉద్యమించాక 1974లో అందుకు చట్టం వచ్చింది.

అదే 1974లో పాట కూడా మారింది. ఒక టెలివిజన్ నాటకానికి జోసెఫ్ కూ స్వరపరిచిన కాంటనీస్ పాటను అంతదాకా ఇంగ్లీషు పాటలకు పేరుపడిన శాండ్రా లాంగ్ పాడింది. నగరమంతా పాడుకుంది. అదే యేడు శామ్ హుయి అనే యువగాయకుడు అన్న మైకేల్‌తో కలిసి నటించిన సినిమాలో కూలివాడి మాటలతో, వీధి యెకసక్కెంతో పాటలు కట్టాడు. జీతం చాలని గుమాస్తా, నీళ్లు రాని కొళాయి, పెరిగే ధరలు, ఆ తరువాతి యేళ్లలో అతని పాటల్లోకి వచ్చిన సరుకు యిదీ. 1967లో మొదలైన టీవీబీ అనే టెలివిజన్ సంస్థ సీరియళ్లు యింటింటికీ చేరుతున్న కాలమది. ప్రతి సీరియల్‌కూ ఒక పాట కావాలి. ఆ పాటలకు స్వరం జోసెఫ్ కూ. మాటలు చాలావాటికి వాంగ్ జిమ్.

*

ఇక్కడ ఆయన పనితనం గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే ఆయన యెందుకు పెద్దవాడో అర్థం కాదు.

కాంటనీస్‌లో ప్రతి అక్షరానికీ ఒక స్థాయి వుంటుంది. ముఖ్యమైనవి ఆరు. ఒకే శబ్దాన్ని యెత్తి పలికితే ఒక అర్థం, దించి పలికితే మరొక అర్థం. కాబట్టి స్వరం పైకి వెళ్లేచోట కిందిస్థాయి మాట వేస్తే వినేవాడికి వేరే మాట వినిపిస్తుంది. గంభీరమైన పాట నవ్వులపాలవుతుంది. అక్కడ తరచు బాణీ ముందు వస్తుంది, మాట తరువాత. బాణీలోని ప్రతి మెట్టుకూ సరిపోయే స్థాయి వున్న మాటను వెతికి, దానికి అర్థమూ భావమూ కుదర్చాలి. మన సినిమా కవులు బాణీకి మాట పొదగడం యెరిగినవారే. శ్రీశ్రీ అయితే "ఆహుతి" డబ్బింగుకోసం తెరమీది పెదవుల కదలికకు కూడా మాట కుదిర్చాడు. కాంటనీస్ కవికి వాటితోపాటు ఈ అక్షరస్థాయి అనే కట్టడి వుంది.

ఈ కట్టడిలో వాంగ్ తన రెండు చదువులనూ వాడుకున్నాడు. ఒక పాదంలో ప్రాచీన పద్యపు బిగువు, వెంటనే సంతలో వినిపించే మాట. పండితుడికి అతకదనిపించే ఆ కలయిక పాడేవాడి నోటికి చక్కగా అమరింది. 1976లో "నన్నడుగు" అనే సినిమా పాట రాశాడు. స్వరం మైకేల్ లాయ్‌ది. తప్పో ఒప్పో నేను నేనుగానే బతికాను అని ఒక మామూలు మనిషి చెప్పుకునే పాట అది. ఆత్మగౌరవాన్ని అంత తేలికమాటల్లో చెప్పడం అప్పటి కాంటనీస్ పాటలో కొత్త. 1980లో "షాంఘై రేవు" సీరియల్‌కు యెగసిపడే అలలతో పాట మొదలుపెట్టాడు. ఫ్రాన్సెస్ యిప్ పాడింది. ఆ రేవు దగ్గర నదిలో అలాంటి అలలు లేవన్న సంగతి తరువాతగాని తనకు తెలియలేదని ఆయనే నవ్వుతూ చెప్పుకున్నాడు. చూడని ఊరిని గురించి రాసిన పాట ఆ ఊరికే గుర్తుగా నిలిచింది.

పాట ఆయన వృత్తిలో ఒక పాయ మాత్రమే. ప్రకటనల రంగంలో చాలాకాలం పనిచేసి, 1970లలో భాగస్వామితో కలిసి సొంత సంస్థ పెట్టాడు. సినిమాలు తీశాడు, నటించాడు. పత్రికల్లో శీర్షికలు రాశాడు. ప్రసారమాధ్యమాల్లో వ్యాఖ్యాతగా ఆయన గొంతు తెలియనివారు లేరు. 1989లో రచయితలు నీ క్వాంగ్, చువా లామ్‌లతో కలిసి నడిపిన అర్ధరాత్రి సంభాషణ కార్యక్రమంలో తాగుతూ, సిగరెట్లు కాలుస్తూ, బూతు దాచకుండా మాట్లాడారు. పెద్దమనుషులు ముక్కుమీద వేలేసుకున్నారు, అయినా మానకుండా చూశారు. పాట, ప్రకటన, ప్రసారం మూడింటికీ వాంగ్ దగ్గర ఒకటే సూత్రం. వినేవాడి నోట్లో అప్పటికే వున్న మాటను పట్టుకోవాలి.

ఆయన బలం అక్కడే వుంది. పరిమితీ అక్కడే వుంది. ప్రకటన రాసేవాడికి మాట కావాలి, తగవు అక్కరలేదు. కొనేవారందరూ అతనికి ఒకటే. ధనికుడూ పేదవాడూ కలిసి చప్పట్లు కొట్టే మాటే అతనికి మంచిమాట.

*

ఇప్పుడు "సింహశిల కింద" పాటకు వద్దాం. 1970ల మొదట్లో ప్రభుత్వ ప్రసారశాఖ అదే పేరుతో ఒక నాటకమాలిక ప్రారంభించింది. బస్తీల్లో, ప్రభుత్వపు యిళ్లలో బతికే మామూలు మనుషుల కథలు అవి. 1979లో దానికి వాంగ్ మాట, జోసెఫ్ కూ స్వరం, రోమన్ టామ్ గొంతు కలిసి ఈ పాట వచ్చింది.

ఒకే పడవ, ఐకమత్యం అనే భావం ఆ రోజు పుట్టింది కాదు. దాని పూర్వచరిత్ర మనవంటివారు తప్పక తెలుసుకోవాలి. 1952లో హాంకాంగ్‌లోని అభ్యుదయ కళాకారులు కొందరు యూనియన్ అనే పేరుతో సహకార పద్ధతిలో సినిమా సంస్థ పెట్టారు. 1953లో వారు తీసిన "కూలబోయే యింటి ఉదయం" అనే కాంటనీస్ సినిమాలో ఒక పాత మేడలో అద్దెకున్న పేదలు, టాక్సీ నడిపేవాడు, ఉద్యోగం పోయిన పంతులు వగైరాలు, మేడ కూలబోతున్నా అద్దె వదలని యాజమాన్యం కింద నలుగుతారు. ఒకరికోసం అందరూ, అందరికోసం ఒకరూ అన్నదే ఆ సినిమా నీతి. అక్కడ ఐకమత్యం అంటే అద్దెకున్నవాళ్ల ఐకమత్యం. యెవరితో కలవాలో, యెవరినుంచి కాపాడుకోవాలో ఆ సినిమా స్పష్టంగా చెప్పింది.

ఇరవై ఆరేళ్ల తరువాత అదే భావం పాటలోకి వచ్చేటప్పటికి మేడ పోయి పడవ వచ్చింది. మేడలో అద్దెకున్నవాడూ, అద్దె తీసుకునేవాడూ వుంటారు. పడవలో అందరూ ప్రయాణికులే. తుఫాను మాత్రమే శత్రువు. పాటలో కష్టం వుంది, కన్నీరు వుంది, కష్టానికి కారణమైనవాడు మాత్రం లేడు. పైగా తగవులు విడిచిపెట్టమన్న సలహా వుంది. యెవరి తగవులు? సింహశిల పాదంలోనే సాన్ పో కాంగ్ అనే కర్మాగారాల పేట వుంది. 1967 మే నెలలో అక్కడ ఒక ప్లాస్టిక్ పూల కర్మాగారంలో కార్మికుల తగాదాతోనే హాంకాంగ్‌లో పెద్ద అలజడి మొదలైంది. సమ్మెలు, లాఠీలు, కర్ఫ్యూలు, బాంబులు. మొత్తం 51 మంది చనిపోయారు. సింహశిల కింద బతుకు గురించి రాసిన పాటలో ఆ పేట జ్ఞాపకం లేదు.

ఇంతవరకు చెప్పి, వాంగ్ వలసప్రభుత్వపు తాబేదారు అని తీర్పు చెప్పి కలం మూయవచ్చు. మనలో చాలామంది అక్కడే ఆగుతారు. కానీ అసలు ప్రశ్న అప్పుడే మొదలవుతుంది. 1967ను కళ్లారా చూసిన కార్మికులే, తగవులు విడవమన్న ఆ పాటను యెందుకు గుండెలకు హత్తుకున్నారు? వాళ్లను మోసగించారంటే అది జనాన్ని అవమానించడమే.

దీనికి ఒక జవాబు ఒక రేడియో వ్యాఖ్యాత జీవితంలో వుంది. అతని పేరు లామ్ బున్. కమర్షియల్ రేడియోలో వామపక్షాన్ని ఎద్దేవా చేస్తూ రోజూ మాట్లాడేవాడు. 1967 ఆగస్టు 24న అతను కారులో పనికి వెళుతుంటే, రోడ్డు బాగుచేసే కూలీల వేషంలో కొందరు కారు ఆపి, పెట్రోలు పోసి నిప్పంటించారు. అతనూ, పక్కనున్న బంధువూ కాలి చనిపోయారు. దానికి నాలుగురోజుల ముందు నార్త్ పాయింట్‌లో రోడ్డుమీద పెట్టిన బాంబు పేలి ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు. పోలీసుల చేతుల్లో చచ్చిన కార్మికులూ వున్నారు. ఆ క్రూరత్వాన్ని తక్కువచేసి చెప్పనక్కరలేదు. కానీ కార్మికుడి పేరు చెప్పుకున్నవారు కార్మికుడు రోజూ వినే గొంతును తగలబెట్టారు. అతని మాట తప్పయితే మాటతో జవాబు చెప్పవలసింది. ఆ నిప్పుతో వామపక్షం హాంకాంగ్ జనం చెవిని పోగొట్టుకుంది. న్యాయమైన కోర్కెతో మొదలైన కార్మికుల తగాదా జనం జ్ఞాపకంలో భయంగా మిగిలింది.

వలసప్రభుత్వం పాఠం నేర్చుకుంది. 1971లో వచ్చిన గవర్నర్ మెక్లిహోస్ కాలంలో పెద్దయెత్తున యిళ్లు కట్టించారు, 1974లో అవినీతి నిరోధక సంస్థ పెట్టారు, 1978కి తొమ్మిదేళ్ల ఉచిత విద్య వచ్చింది. ఈ సంస్కరణలు దయవల్ల వచ్చినవి కావు, అలజడి పుట్టించిన భయంవల్ల కూడా వచ్చినవే. కానీ వాటికి కారణమైన పోరాటాన్ని తమదిగా చెప్పుకునే భాష జనానికి మిగలలేదు. పోరాడినవారి భాష బాంబుల పొగలో కలిసిపోయింది. ఆ ఖాళీలోకి వాంగ్ పాట వచ్చింది. అది జనం నాలుకమీది భాషలో, జనం పడ్డ కష్టాన్ని పేరుపెట్టి చెప్పింది. ఆ కష్టానికి గౌరవం యిచ్చింది. నిలువనీడ లేకుండా వచ్చినవాళ్లం, మా చేతులతో ఒక ఊరు కట్టుకున్నాం అన్న గర్వాన్ని వాళ్ల నోట పలికించింది. ఆ గర్వం అబద్ధం కాదు. అది దొంగ ఓదార్పు అనడానికి మనకు హక్కు లేదు, మనం అంతకంటె నిజమైన పాట వాళ్లకు యివ్వనప్పుడు.

ఇంకొక సంగతి. పాటకంటె ఆ నాటకమాలిక కొన్నిచోట్ల ముందుకు పోయింది. ఆన్ హుయి వంటి యువదర్శకులు అందులో పనిచేశారు. 1978లో ఆమె తీసిన భాగం వియత్నాంనుంచి దొంగతనంగా వచ్చిన ఒక కుర్రవాడి కథ. 1979లో వేలకువేల వియత్నాం శరణార్థులు పడవల్లో హాంకాంగ్ రేవుకు చేరారు. అంటే పాటలో "ఒకే పడవ" మోగుతున్న యేడే, మరొక పడవలోవారిని యెక్కడ దింపాలన్న వాదన నడుస్తున్నది. ఆ పాట వినేటప్పుడు ఇదీ గుర్తుంచుకోవాలి.

*

వాంగ్ మాట ఒక్క నగరానికే పనికివచ్చిందా? కాదు. 1982లో జపాన్ తన పాఠ్యపుస్తకాల్లో చైనామీద చేసిన దురాక్రమణను మెత్తని మాటలతో కప్పబోయింది. చైనీయులున్న ప్రతిచోటా ఆగ్రహం రేగింది. ఆ ఆగ్రహంలోంచి వాంగ్ "నా చైనా హృదయం" అనే పాట రాశాడు. ఈసారి మాండరిన్‌లో. స్వరం వాంగ్ ఫూలింగ్‌ది. హాంకాంగ్ గాయకుడు చియుంగ్ మింగ్ మాన్ ఆ పాటను 1984లో బీజింగ్ టెలివిజన్ నూతన సంవత్సర కార్యక్రమంలో పాడితే దేశమంతా మారుమోగింది. ఆ యేడు డిసెంబరులోనే, 1997లో హాంకాంగ్‌ను చైనాకు అప్పగించే ఒప్పందంమీద బ్రిటన్, చైనా సంతకాలు చేశాయి.

ఒకే మనిషి ఒక పాటలో ఊరి గర్వాన్నీ, మరొక పాటలో దేశాభిమానాన్నీ చెప్పాడు. అందులో వైరుధ్యం లేదు. శరణార్థిగా వచ్చిన తరానికి రెండూ నిజమే. కానీ రెండు పాటలకూ ఒకే లోపం వుంది. హృదయం వుంది, హక్కు లేదు. 1984 ఒప్పందంలో ఆ ఊరి జనానికి కూర్చునే కుర్చీ లేదు. ఆ సంగతి రెండు పాటల్లోనూ ఇమడదు.

1990లో "ఖడ్గధారి" సినిమాకోసం కట్టిన సముద్రపు నవ్వు పాటకు మాటా స్వరమూ ఆయనవే. దర్శకుడు త్సుయి హార్క్ ఆరుసార్లు తిప్పికొట్టాడని, విసిగిపోయి పాత సంగీతగ్రంథం తిరగేస్తుంటే, గొప్ప సంగీతం తేలికగా వుండాలన్న మాట కనబడిందని వాంగ్ చెప్పేవాడు. చైనా సంగీతానికి మూలమైన అయిదు స్వరాలను తలకిందులు చేసి బాణీ మొదలుపెట్టాడు. ఆ అయిదూ మన మోహనరాగపు స్వరాలే. పాట యెత్తుగడ ద, ప, గ, రి, స అని దిగివస్తుంది. శామ్ హుయి పాడాడు. వాంగ్ కూడా తన బొంగురుగొంతుతో మిత్రులతో కలిసి పాడాడు. కీర్తీ అధికారమూ అలలవంటివి, వచ్చి పోతాయి అనే ఆ పాట నవ్వులో 1997 కోసం భయపడుతున్న ఊరి మనసు కూడా వినిపిస్తుందని అనుకుంటే తప్పులేదు.

1990లలో కాంటనీస్ పాటల పరిశ్రమ బాగా పెరిగి, ఆ తరువాత చిక్కిపోయింది. నలుగురైదుగురు తారల చుట్టూ పెట్టుబడి మూగింది. పాటకంటె పాడేవాడి బొమ్మకు విలువ పెరిగింది. దొంగ డిస్కులు వచ్చాయి. తైవాన్, చైనా విపణి పిలిచేసరికి గాయకులు మాండరిన్‌వైపు తిరిగారు.

అప్పుడు వాంగ్ చేసిన పని మనవంటి అధ్యాపకులు మెచ్చుకోదగినది. అరవై దాటిన వయసులో హాంకాంగ్ విశ్వవిద్యాలయానికి తిరిగి వెళ్లి, 1949నుంచి 1997దాకా కాంటనీస్ పాట పుట్టుపూర్వోత్తరాలమీద పరిశోధన రాసి 2003లో డాక్టరేటు పుచ్చుకున్నాడు. యుగాలకు రాజుల పేర్లు, గవర్నర్ల పేర్లు కాక పాటల పేర్లు పెట్టాడు. 1974నుంచి 1983దాకా వున్న యుగానికి పేరు "సింహశిల కింద". ఇందులో స్వోత్కర్ష లేదని అనలేను. కానీ తాను అమ్మిన సరుకుకు చరిత్ర వుందని, ఆ చరిత్రలో యెదుగుదలా పతనమూ వున్నాయని, దానికి కారణాలు వెతకాలని ఆ వ్యాపారంలోనే పండిపోయిన మనిషి అనుకోవడం సామాన్యం కాదు. మరుసటి యేడు, 2004 నవంబరు 24న, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయాడు. హాంకాంగ్ స్టేడియంలో జరిగిన సంతాపసభకు వేలాదిగా జనం వచ్చారు.

*

మొదటి ప్రశ్నకు వద్దాం. పాట యెవరిది?

రాయించినది వలసప్రభుత్వపు ప్రసారశాఖ. రాసినవాడు సర్దుబాటును నమ్మిన మధ్యతరగతి మనిషి, ప్రకటనల నిపుణుడు. ఆ రెండింటి గుర్తులూ పాటమీద వున్నాయి. కానీ పాట భాష వాళ్లిద్దరిదీ కాదు. అది రేవులో బరువులు మోసినవాడిది, యంత్రం దగ్గర నిలబడ్డ అమ్మాయిది, చెక్కగుడిసెలో పిల్లల్ని పెంచిన తల్లిది. జనం భాషలో రాసిన పాటకు యజమాని తాను అనుకున్నంతసేపు యజమానిగా వుండలేడు. 2002లో మంత్రి తన అవసరానికి దాన్ని వాడుకున్నాడు. 2014లో యువకులు దానినుంచి కొండను వేరుచేసి తమ కోర్కెను అక్కడ వేలాడదీశారు. 2019 ఆగస్టు 23 రాత్రి జనం చేతుల్లో దీపాలతో ఆ కొండ శిఖరంమీద బారుగా నిలబడ్డారు. తగవులు విడవమన్న పాట పేరుగల కొండ తగవుకే గుర్తుగా మారింది.

భాష విషయంలో పోరు ముగియలేదు. హాంకాంగ్‌లో చాలా పాఠశాలల్లో పిల్లలకు చైనీస్ పాఠాన్ని యింటిభాషలో కాక మాండరిన్‌లో చెబుతున్నారు. కాంటనీస్ తక్కువదన్న పాతమాట కొత్త వేషంలో తిరిగివస్తున్నది. ఇంగ్లీషు కింద నలిగిన భాష మాండరిన్ కిందకూడా నలుగుతున్నదని అక్కడి ఉపాధ్యాయులు ఆందోళనపడితే, అది వేర్పాటువాదం అని కొట్టివేయడం తేలిక. తల్లిభాషలో చదువు అనేది మనం యిక్కడ అడిగితే అభ్యుదయం, అక్కడ అడిగితే నేరం కాజాలదు.

వాంగ్ జిమ్‌ను ప్రజాకవి అని నేను అనను. జనం కష్టాన్ని చెప్పి దాని కారణాన్ని చెప్పని కవి సగం దారిలో ఆగినవాడే. కానీ ఆ సగం దారీ మనలో చాలామంది నడవలేదు. మనం కారణాన్ని నూరుసార్లు చెప్పి, కష్టాన్ని జనం గుర్తుపట్టే మాటలో ఒక్కసారి చెప్పలేకపోయాం. ప్లాస్టిక్ పూల కర్మాగారంలో అమ్మాయి పనిచేస్తూ పాడుకోదగిన పాట ఒక్కటయినా 1967లో మనవాళ్ల దగ్గర వుంటే, 1979లో ఆ ఊరు మరో పాట పాడివుండేదేమో. మన ఊళ్లలో యీనాడు పనిలో వున్నవాళ్లు యే పాట పాడుకుంటున్నారో, అందులో మన మాట యెంత వుందో ముందు వినాలి. విమర్శ ఆ తరువాత రాసుకోవచ్చు.